ఫాదో మీద రాసే ముందు మూడు పేర్లు వెతుకు

చిరంజీవికి,

పోర్చుగల్ పాటల సంప్రదాయమైన ఫాదోలో పేరున్న గాయని అమాలియా రొద్రిగెస్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం నడపడం నీకు వచ్చు, దానికి వంక పెట్టను. కానీ నాలుగు పేజీల నిండా కన్నీళ్లు, నల్ల శాలువా, లిస్బన్ సందులే. పాట లేదు. ఆమె పాడింది ఎవరి కవితో, ఏ బాణీలోనో ఒక్కచోటా చెప్పలేదు. శాలువా ఫొటోలోనే కనిపిస్తుంది, దానికి నువ్వెందుకు?

ఒక్క పాట తీసుకో. దానికి మూడు పేర్లు వెతుకు: గాయని, కవి, బాణీ. సంప్రదాయ ఫాదోలో బాణీకి విడిగా పేరుంటుంది. పాదాల లెక్క కుదిరితే ఏ కవితనైనా అందులో పాడుకోవచ్చు, మన ఆటవెలదులన్నీ ఒకే వరసలో పాడుకున్నట్టు. 'పోవు కె లావష్ ను రియు' (నదిలో బట్టలుతికే జనమా) కవిత పెద్రో ఒమెమ్ ద మెలోది. బాణీ జోవకీం కాంపోస్ కట్టిన 'ఫాదో విటోరియా'. కొత్తగా రాసేవాళ్లు ఇక్కడే పడతారు. బాణీ పేరు చూసి కవిత పేరనుకుంటారు, లేదంటే రెండూ గాయని ఖాతాలో వేసేస్తారు. అలాగని ప్రతిసారీ కవి వేరేవారే అనుకున్నా తప్పే. 'ఎష్ట్రాన్య ఫోర్మ ద విద' మాటలు అమాలియావే, బాణీ మాత్రం అల్ఫ్రెదో మార్సెనేరోది. పాట పాటకీ విడిగా చూసుకోవాల్సిందే.

తర్వాత పాదాలు లెక్కపెట్టు. పోర్చుగీసులో మాత్రలు ఎంచరు, అక్షరాలు ఎంచుతారు. చివరి ఊనిక పడ్డ అక్షరం దగ్గర లెక్క ఆగిపోతుంది. పో-వు-కె-లా-వష్-ను-రి: ఏడు. వెనకొచ్చే 'యు' లెక్కలోకి రాదు. మన అలవాటుకొద్దీ దాన్నీ కలిపి ఎనిమిది రాశావో, బాణీ ఎందుకు అలా ఆగుతోందో నీకు అంతుపట్టదు. ఆ కవితలో పద్యానికి ఆరు పాదాలు, ఫాదో విటోరియా ఆరు పాదాలకు కట్టిన బాణీ. అందుకే అతికింది. 'ఎష్ట్రాన్య'లో పద్యానికి అయిదే పాదాలు, కాబట్టి దాన్ని విటోరియాలో పెడితే బాణీ పూర్తవకుండానే పద్యం అయిపోతుంది.

కవిత కాగితం మీద పెట్టుకుని మూడుసార్లు విను. మొదటిసారి ఊనికలు గుర్తు పెట్టు. రెండోసారి గాయని లయకు ఎక్కడ వెనకబడిందో, ఏ మాటను సాగదీసిందో గీత గియ్యి. ఆమె పట్టు ఆ గీతల్లోనే తెలుస్తుంది. మూడోసారి గొంతు వదిలేసి పోర్చుగీసు గిటారా విను. పన్నెండు తీగలు, ఆరు జతలు. పాదం ముగిసినచోట అది బదులిస్తుంది. లయ పట్టి ఉంచేది 'వియోల'. అది మామూలు గిటారే. నువ్వు రాసినట్టు వయొలిన్ జాతి వాద్యం కాదు, సరిచెయ్యి.

పెద్ద కవిత్వం ఫాదోలోకి ఎలా వచ్చిందన్నది నీ వ్యాసానికి వెన్నెముక కావాలి. సానెట్‌లో 4, 4, 3, 3 పాదాలుంటాయి. ఒకే కొలత పద్యాల మీద తిరిగే బాణీలో అది ఇమడదు. స్వరకర్త అలేన్ ఉల్మాన్ ఇలాంటి కవితలకు కొత్త స్వరాలు కట్టాడు. 1962 నాటి అమాలియా ఆల్బమ్ 'బుష్టు'తో ఆ దారి తెరుచుకుంది. 1965లో అమాలియా కమోయింష్ కవితలు పాడితే, మహాకవిని ఫాదో గాయని పాడొచ్చా అని వాదాలు రేగాయి. ఆ వాదం లేకుండా ఆమె గొప్పతనం చెప్పలేవు.

'బుష్టు'లోనే దావీద్ మొరావ్ ఫెరేయిరా రాసిన 'అబందోను' ఉంది. స్వేచ్ఛగా ఆలోచించినందుకు ఒకరిని దూరంగా బంధించారంటుంది. అతనికి వినబడేది గాలి, సముద్రం అంతే. పెనీష్ పేరు కవితలో ఎక్కడా రాదు. అయినా జనం దాన్ని 'ఫాదో పెనీష్' అన్నారు, ఎందుకంటే నియంతృత్వ కాలంలో రాజకీయ ఖైదీలను ఉంచిన కోట ఆ తీర పట్టణంలోనే ఉంది. దీనికి ఒక పేజీ ఇచ్చినా తక్కువే.

సన్మానాలు ఒక్క పేరాలో ముగించు: 2001లో జాతీయ పాంథియన్‌లోకి (దేశ ప్రముఖుల సమాధి మందిరం) అమాలియా, 2011లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఫాదో, 2014లో ఫాదో గాయకుడు కార్లోస్ దో కార్మోకు లాటిన్ గ్రామీ జీవిత సాఫల్య పురస్కారం. కార్మో గురించి రాస్తే పురస్కారం కన్నా 1977 ఆల్బమ్ 'ఉమ్ ఓమెమ్ న సిదాద్' ముఖ్యం, కవితలన్నీ ఆరి దోస్ సాంతోస్‌వి.

తొలి ఫాదో గాయనిగా చెప్పుకునే మరియా సెవేరా కథ జాగ్రత్త. ఆమె 1846లో చనిపోయింది. ఇప్పుడు ప్రచారంలో ఉన్నదాంట్లో చాలాభాగం 1901 నాటి నాటకం, 1931 నాటి సినిమా పెంచినదే. విశ్వవిద్యాలయ నగరం కోయింబ్రా ఫాదోను దీంట్లో కలపకు. అది విద్యార్థుల సంప్రదాయం, అక్కడ గిటారా శ్రుతి కూడా వేరు.

మొత్తం తిరగరాయకు. ఒక్క పాట మీద రెండు పేజీలు రాసి పంపు. పైన మొదటి పాదం తెలుగు లిపిలో, ఊనిక అక్షరాల కింద గీతతో ఉండాలి.

ఆశీస్సులతో.