ఒక పానాయా, రెండా?

గాజువాక,
విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

అమ్మా,

మీ నాన్న లారీ షెడ్డు మీద రాసిన నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు. రెండోసారి ఇంట్లో, పెన్సిలు పట్టుకుని. ఉత్తరంలో 'గురువుగారూ' అన్నావు. ఆ మాట వద్దు. మీ నాన్న నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. బాబాయ్ అను, చాలు.

బాగున్నవి ముందు చెప్పేస్తాను. రాత్రి తుడిచి పెట్టిన పానాల మీద తెల్లారేసరికి సన్నగా తుప్పు పొర కట్టడం, యారాడ కొండ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, టీ గ్లాసులు పెట్టుకోవడానికి బోర్లించిన పాత పిస్టన్. ఆటోనగర్‌లో పెరిగినవాళ్ళకి తప్ప ఇవి కంటికి ఆనవు. వీటి జోలికి వెళ్ళకు.

ఇక రెండో పేజీ. 'ఇంజన్ పక్కనున్న ఫిట్టింగు విరిగిపోయింది. నాన్న ఎంతో శ్రమపడి దాన్ని బయటికి తీశాడు.' అంతే, రెండు వాక్యాలు. ఆ తర్వాత ముప్పావు పేజీ పొడుగునా ఆ ముక్క నాన్న బతుకులాగే ఇరుక్కుపోయిందని రాశావు. పెన్సిలుతో ఆ ముప్పావు పేజీ అంతా కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. అది ఇత్తడి ముక్క. దాన్ని ఇత్తడి ముక్కగానే ఉండనీ. నాకు కావలసింది ఆ రెండు వాక్యాల మధ్య నువ్వు దాటేసిన నాలుగు గంటలు.

ముందు క్రియ సంగతి. 'విరిగిపోయింది' అన్నావు. ఎవరు విరిచారు? మన తెలుగులో ఇదొక సుఖం. గ్లాసు పగిలిపోతుంది, డబ్బు అయిపోతుంది, బండి ఆగిపోతుంది. ఎవరి చెయ్యీ ఉండదు. షెడ్డులో అయితే ఇంకా గమ్మత్తు. బోల్టు తెగితే మెకానిక్ 'వచ్చేసింది' అంటాడు, అదే నడిచొచ్చి చేతిలో పడ్డట్టు. క్లీనరు 'విరిగిపోయిందండి' అంటాడు. 'విరగ్గొట్టేశారు' అనేవాడు లారీ ఓనరు ఒక్కడే. ఒకే ముక్కకి మూడు క్రియలు. నీ కథలో ఆ ముగ్గురూ ఉన్నారు, మాట మాత్రం ఒక్కటే ఉంది.

నా సంగతి చెబుతాను. 1989లో నేను మా మేనమామ షెడ్డులో పని నేర్చుకునేవాణ్ణి. టాటా 1210 లారీ వచ్చింది, అప్పటికే పాతది. టాటావాళ్ళకి బెంజి కంపెనీతో ఒప్పందం 1954లో మొదలై 1969లో ముగిసింది. అయినా మా షెడ్డులో పెద్దవాళ్ళు టాటా లారీని ఇంకా బెంజి అనే పిలిచేవారు. దాంట్లో 697 ఇంజన్. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అందుకే ఆ అంకె. ఇంజన్ బ్లాకు పక్కన ఆయిల్ దారిలోకి ఒక ఇత్తడి ఫిట్టింగు బిగించి ఉంటుంది. దాన్నుంచి సన్నటి గొట్టం డ్రైవరు ముందున్న గేజీదాకా వెళ్తుంది. ఆయిల్ ప్రెషర్ ఎంతుందో అక్కడ ముల్లు చూపిస్తుంది. ఆ ఫిట్టింగు దగ్గర ఆయిల్ చెమర్చుతోంది. గొట్టం ఊడదీసి చూడమని మామయ్య నాకు చెప్పి, పైకప్పు రేకుల కోసం బేరానికి వెళ్ళాడు.

గొట్టం నట్టు తిప్పేటప్పుడు రెండు పానాలు పట్టాలి. ఒకటి ఫిట్టింగుని కదలకుండా పట్టుకోవడానికి, ఇంకొకటి నట్టు తిప్పడానికి. నేను ఒకటే పట్టాను. నట్టు రాలేదు. పానాకి అరగజం పైపు తొడిగి లాగాను. నట్టుతోపాటు ఫిట్టింగు కూడా తిరిగింది, మెత్తగా, వెన్నలో కత్తి దిగినట్టు. ఊడిందనుకుని సంతోషపడ్డాను. చేతిలోకి సగమే వచ్చింది. మిగతా సగం బ్లాకులో, పైకి చీమ తలంత కూడా మిగలకుండా తెగిపోయింది.

ఆ 'మెత్తగా' అన్నది పట్టుకో. ఇనుప బోల్టు తెగితే ఠప్పుమంటుంది. ఇత్తడి అలా కాదు, ముందు సాగి, నిన్ను నమ్మించి, తర్వాత తెగుతుంది. నీ కథలో 'ఫట్‌మని' విరిగింది. మీ నాన్న చదివితే అక్కడే ఆగి నవ్వుతాడు.

మామయ్య వచ్చేసరికి ఓనరు కూడా వచ్చి నిలబడ్డాడు. పోర్టులో ఎరువుల బస్తాలు ఎత్తుకుని మర్నాటికి రాయగడ చేరాలి. మామయ్య వంగి చూశాడు. నేను 'విరిగిపోయింది మావయ్యా' అన్నాను. ఆయన నావైపు చూడలేదు. ఓనరుతో 'వచ్చేసింది బాబూ, పాతదైపోయింది' అన్నాడు. తర్వాత అందరికీ కలిపి 'ఎవుడూ చెయ్యి పెట్టకండి' అని టీ చెప్పాడు.

ఆ టీ తాగిన పావుగంట నీ కథలో లేదు. విరిగినదాన్ని చూస్తే మనిషికి వెంటనే ఏదో ఒకటి చేసేయాలనిపిస్తుంది. మా రెండో మెకానిక్ అప్పుడే ఈజీ అవుట్ పట్టుకొచ్చాడు. పేరుకే ఈజీ. అది ఎడమ మర ఉన్న మొనదేలిన ఉక్కు కడ్డీ, కన్నంలో దిగేకొద్దీ బిగుసుకుంటుంది. గుల్లగా ఉన్న ఇత్తడి ముక్కలో దిగితే ఆ ముక్కని లోపల్నించి ఇంకా వెడల్పు చేసి మరల్లోకి నొక్కేస్తుంది. పైగా గట్టి ఉక్కు కదా, అది గానీ లోపల విరిగిందంటే మామూలు డ్రిల్ బిట్ దానిమీద జారిపోతుందే తప్ప దిగదు. ఇత్తడి ముక్క తీయబోయి ఉక్కు ముక్క ఇరికించుకున్నట్టు. మామయ్య దాన్ని తీసి డబ్బాలో పడేశాడు.

నీ కథలో నాన్న గ్యాస్ టార్చితో కాల్చి, ఎర్రటి వేడి మీదే తిప్పి తీశాడు. అది తప్పు. తుప్పుపట్టిన ఇనుప స్టడ్డు సంగతైతే వేరు, దాని తలమీద ఒక నట్టు వెల్డింగ్ చేసి, ఆ వేడితోనే కదిలించి తీస్తారు. ఇత్తడి అలా కాదు. ఒకే వేడికి ఇనుము కంటే ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది, అంటే కాలిన కొద్దీ ఇంకా బిగుస్తుంది. కాల్చినా సరే, పూర్తిగా చల్లారేదాకా ఆగి తిప్పాలి. ఉబ్బడానికి చోటు లేక లోపలే నలిగిన ఇత్తడి చల్లారాక కాస్త సన్నబడుతుంది. కథలో ఆ చల్లారే సమయం రాసుకో. అక్కడ నాన్నకీ నీకూ మధ్య ఎన్ని మాటలు నడవవచ్చో చూడు. మాట్లాడుకోకపోయినా పరవాలేదు.

మామయ్య అసలు కాల్చలేదు. కన్నంలో లోపలికంటా గ్రీజు కూరాడు, కోసేటప్పుడు రాలే రజను ఆయిల్ దారిలోకి పోకుండా. ఆ రజను బేరింగుల దగ్గరికి చేరితే ఇంజన్ మొత్తం పోతుంది, ఫిట్టింగు ఖర్చు దానిముందు చిల్లర. తర్వాత హాక్సా బ్లేడు సగానికి విరిచి, ఒక కొసకి గుడ్డ చుట్టి, ఆ కన్నంలోంచి బయటివైపుకి ఇత్తడి గోడని కోయడం మొదలుపెట్టాడు. అరంగుళం కూడా ఆడదు బ్లేడు. గీస్తాడు, ఆపుతాడు, వేలితో రజను తీసి వెలుతురులో పెట్టి చూస్తాడు. మళ్ళీ గీస్తాడు. నన్ను టార్చిలైటు పట్టుకోమన్నాడు.

ఎందుకలా చూస్తున్నాడో గంటకి అర్థమైంది. రజను పసుపుపచ్చగా ఉన్నంతసేపూ కోస్తున్నది ఇత్తడి. నల్లటి పొడి కనబడిందంటే బ్లేడు పోత ఇనుము మరలు తాకిందన్నమాట. అక్కడ ఆగాలి. ఆ వేలి కొస మీద రంగు మారడం కోసం ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. నేను రాసిన కథలన్నిటిలోనూ అంత ఉత్కంఠ ఎక్కడా తేలేకపోయాను.

రెండు చోట్ల కోశాడు. సన్నటి ఉలితో ఒక ముక్కని లోపలికి మడిచాడు. మిగతాది వదులై కటింగ్ ప్లేరుకి వచ్చేసింది. ఈసారి నిజంగానే వచ్చేసింది. మరలు కోసే ట్యాప్ వేసి మరలు శుభ్రం చేశాడు. డీజిల్ ఆపుచేసి, ఇంజన్ స్టార్ట్ కాకుండా సెల్ఫ్ మాత్రం కొట్టించాడు. కన్నంలోంచి ఆయిల్ చిమ్మి, మిగిలిన గ్రీజుని, రజనుని పళ్ళెంలోకి తోసేసింది. కొత్త ఫిట్టింగుకి ఆయిల్ కారకుండా షెల్లాక్ రాసి బిగించాడు, అదీ రెండు పానాలతో, నాకు కనబడేలా.

రాత్రి షెడ్డు మూసేటప్పుడు అడిగాడు: 'ఏటి, ఒక పానాతోనే తిప్పీసినావా, రెండెట్టినావా?'

నేను చెప్పలేదు. ఆయనా మళ్ళీ అడగలేదు. ఏడేళ్ళ తర్వాత ఈ సంగతే నా మొదటి కథ అయింది. ఒక వారపత్రికలో వచ్చింది. అందులో కూడా ఫిట్టింగు 'విరిగిపోయింది'. మామయ్యకి చదవడం అంతంతమాత్రం, కూతురు చదివి వినిపించిందట. బావుందనలేదు, బాగోలేదనలేదు. 'పానాల సంగతి రాయనేదేటి?' అన్నాట్ట.

అందుకే నీకింత పొడుగు ఉత్తరం. నీ కథలో చివరికి ఏమైందో మార్చమనడం లేదు. రెండో పేజీ మాత్రం మళ్ళీ రాయి. ఫిట్టింగు విరిచింది ఎవరో తేల్చుకో. కథ చెబుతున్న ఆ పిల్లే విరిచిందని నా అనుమానం. లేకపోతే ఆ పేజీలో ఆమె లారీకి అంత దూరంగా, తలుపు దగ్గర ఎందుకు నిలబడి ఉంది?

మాటల గురించి ఒక్క ముక్క. 'సంధానకం' అని ఒకచోట రాశావు. నిఘంటువులో ఉంటే ఉండవచ్చు, షెడ్డులో లేదు. ఫిట్టింగు, నట్టు, పానా, మర, వీటితోనే రాయి. గాజువాక దాటి పాఠకుడికి అర్థం కాదేమోనని భయపడకు. చేతులు ఏం చేస్తున్నాయో కనబడితే మాట దానంతటదే తెలుస్తుంది.

సోమవారం షెడ్డుకి వెళ్ళు. మీ నాన్నని ఇంటర్వ్యూ చేయకు, పెద్దమనిషి మాటలు మొదలుపెడతాడు. టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడు. పాత ఫిట్టింగులు ఒక డబ్బాలో పడి ఉంటాయి, విరిగినది ఒకటి అడిగి తెచ్చుకో. తెగిన చోట వేలితో తడిమి చూశాకే రాయడానికి కూర్చో.

కథ మొత్తం పంపనక్కర్లేదు. ఆ ఒక్క పేజీ పంపు చాలు. కంప్యూటర్ మీద కాకుండా చేత్తో రాస్తే ఇంకా మంచిది, కొట్టివేతలు కనబడతాయి.

ఉంటాను,
మీ బాబాయ్