మళ్ళీ ఫెయిలయ్యాను మేడమ్, ఇంకోసారి రాయాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది చిత్తూరు దగ్గర పల్లె. తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ చేసి, ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. అమెరికా వెళ్ళాలని, అక్కడ రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) లైసెన్సుకు కావాల్సిన ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ అనే కంప్యూటర్ పరీక్ష రాస్తున్నాను. మొదటిసారి చెన్నైలో రాసినప్పుడు 150 ప్రశ్నలూ వచ్చాయి, ఫెయిల్. ఆ తర్వాత రాసినప్పుడు 85కే కంప్యూటర్ ఆగిపోతే పాసయ్యాననుకుని ఇంటికి ఫోన్ కూడా చేశాను, అదీ పోయింది. మొన్న రాసింది కూడా 85 దగ్గరే ఆగి పోయింది. నాతో చదివినవాళ్ళు అక్కడ ఉద్యోగాల్లో ఉన్నారు. నైట్ డ్యూటీ చేసొచ్చి మళ్ళీ అదే పుస్తకం మొదటి పేజీ నుంచి తెరిస్తే ఏడుపొస్తోంది. మా ఆయన ఏమీ అనరు గానీ అత్తమ్మ మాత్రం "ఆ డబ్బు పెట్టుంటే ఇంట్లో పాడావు ఉండేది" అన్నారు. నాకు తెలివి లేదా మేడమ్? ఇంకోసారి రాయాలా, మానేయాలా?
– ఒక సిస్టర్, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, తెలివి లేనివాళ్ళు వెంటిలేటర్ మీదున్న పేషెంటును రాత్రంతా కనిపెట్టుకుని పొద్దున్నే తర్వాతి షిఫ్టుకు క్షేమంగా అప్పజెప్పలేరు. ఆ మాట ఇక్కడితో వదిలెయ్. నీ ఉత్తరంలో నేను ఆగిపోయింది "మళ్ళీ అదే పుస్తకం మొదటి పేజీ నుంచి" అన్న దగ్గర.

ముందు ఆ 85, 150 సంగతి చూద్దాం. 85కే ఆగితే పాస్, 150 దాకా పోతే ఫెయిల్ అని హాస్టళ్ళలో ఎవరు పుట్టించారో గానీ ఎంతోమందిని ఏడిపించిన మాట అది. 85 అనేది కనీసం, 150 గరిష్ఠం, టైమ్ ఐదు గంటలు. ఆ మొదటి 85లో 15 ప్రశ్నలకు అసలు మార్కులే ఉండవు, అవి ముందుముందు వాడుకోవడానికి పరీక్షించి చూసేవి. నీ జవాబును బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్న ఎంత కష్టంగా ఉండాలో ఎంచుకుంటూ పోతుంది. నువ్వు పాస్ గీతకు పైనున్నావనో, కిందున్నావనో 95 శాతం నమ్మకం కుదిరిన చోట ఆగుతుంది. అంటే మొదటిసారి 150 దాకా వెళ్ళావంటే చివరి వరకూ ఆ గీత పక్కనే ఉన్నావు, అటో ఇటో దానికి తేలలేదు. తర్వాతవి 85 దగ్గరే ఆగి ఫెయిలయ్యాయంటే, కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు, గీతకూ నీకూ దూరం పెరిగింది. చదువు పెరిగినా దూరం పెరిగిందంటే లోపం చదివే తీరులో ఉంది, పైన అలసట కూడా తోడైంది.

ఎన్నో ఏళ్ళుగా నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, నేను చూసినంతలో మనవాళ్ళు ఈ పరీక్షలో సబ్జెక్టు రాక పోగొట్టుకునే మార్కులకన్నా మన వార్డు అలవాటుతో జవాబు పెట్టి పోగొట్టుకునేవి ఎక్కువ. ఒక ప్రశ్న చూడు. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన పెద్దాయనకు అన్నం తినిపించడం, ఆపరేషనై మూడు రోజులై ఇప్పటికే లేచి తిరుగుతున్న ఆవిడను బాత్రూమ్ దాకా నడిపించడం, ఈ రెండిట్లో నర్సింగ్ అసిస్టెంట్‌కు ఏది అప్పగిస్తావు? మన దగ్గర తినిపించేది కోడలో, కొడుకో, వార్డు ఆయమ్మో, కాబట్టి చెయ్యి తెలియకుండానే అన్నం తినిపించే దాని మీదికి పోతుంది. కానీ మింగలేని మనిషికి తినిపించడమంటే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉన్న పని, అది ఆర్‌ఎన్ దగ్గరుండి చూసుకోవాలి. నడిపించడం అసిస్టెంట్‌కు ఇవ్వొచ్చు. ఎవరికి ఏ పని అప్పగించాలి, నలుగురిలో ముందు ఎవరిని చూడాలి అనే ఈ రకం ప్రశ్నలు 'మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్' కిందికి వస్తాయి, పరీక్షలో పెద్ద వాటా దానిదే. మన కాలేజీల్లో దీనికి ఇచ్చే టైమ్ మాత్రం తక్కువ.

ఇంకొకటి చెప్తాను, ఇది నాకు మనసుకు దగ్గరైన సంగతి. ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి పేషెంటు "నేను బతుకుతానా సిస్టర్" అంటాడు. "ఏం కాదు పెద్దాయనా, ఏడుకొండలవాడున్నాడు, పడుకో" అంటాం మనం. ఆ మాటలో ఎంత ప్రేముందో నాకు తెలుసు, ఈ ఊళ్ళో ఆ మాట పట్టుకునే తెల్లారేదాకా ధైర్యంగా ఉన్నవాళ్ళను చూశాను, నువ్వు నీ పేషెంట్లకు ఆ మాట చెప్పడం మానొద్దు. పరీక్షలో మాత్రం అది తప్పు జవాబు, మన చేతిలో లేనిదానికి ఇచ్చిన భరోసా కింద లెక్కేస్తారు. "రేపటి గురించి ఏది ఎక్కువ భయంగా ఉంది, చెప్పండి" అని అతన్ని మాట్లాడించే ఆప్షన్ సరైనది. డాక్టర్ల విషయమూ అంతే. గుండెకిచ్చే డిగాక్సిన్ మందు రాసుంది, పల్స్ చూస్తే తక్కువగా 52 ఉంది. రాసింది కదా అని ఇచ్చేయకూడదు, మందు ఆపి డాక్టరుకు చెప్పాలి. అర్ధరాత్రి పెద్ద డాక్టరుకు ఫోన్ చేయడానికి జంకే చోట పనిచేసిన నర్సుకు ఆ ఆప్షన్ మీద మౌస్ పెట్టడానికే చెయ్యి రాదు. మందుల పేర్లు కూడా చూసుకో: మన పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బ్యుటమాల్ ఆల్బ్యుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్.

కాబట్టి నా మాట, రాయి. కానీ ఫెయిలయ్యాక మళ్ళీ రాయడానికి ఆగాల్సిన 45 రోజుల గడువు తీరగానే పరుగెత్తకు. ముందు ఒక వారం పుస్తకం ముట్టుకోకు, నిద్రపో. తర్వాత ఫెయిలైనవాళ్ళకు వచ్చే పెర్ఫార్మెన్స్ రిపోర్టు బయటికి తియ్. చాలామంది బాధతో దాన్ని తెరవను కూడా తెరవరు. ఏ విభాగంలో గీతకు పైన ఉన్నావో, దగ్గర ఉన్నావో, కింద ఉన్నావో అందులో ఉంటుంది. నువ్వు రాసినవాటి రిపోర్టులన్నీ పక్కపక్కన పెట్టి చూడు, ప్రతిసారీ 'కింద' అని వచ్చిన విభాగాలతో మొదలుపెట్టు. పైన ఉన్నవాటిని పది రోజులకోసారి తిరగేస్తే చాలు.

రోజుకు వంద ప్రశ్నలు చేశానని లెక్క చూసుకోవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ముప్పై చెయ్యి, తప్పు పోయిన ప్రతిదాని పక్కనా ఎందుకు పోయిందో ఒక్క ముక్క రాయి: తెలియదు, సరిగ్గా చదవలేదు, వార్డు అలవాటు, సరైనది పెట్టి మార్చేశాను. రెండు వారాలకు నీ జబ్బేదో నీ చేతిరాతలోనే కనిపిస్తుంది. 2023 ఏప్రిల్‌లో పరీక్ష తీరు మారింది, ఒకే పేషెంటు కథ మీద ఆరు ప్రశ్నలుండే కేస్ స్టడీలు వచ్చాయి. ఎన్ని సరైనవో అన్నీ ఎంచుకోమనే ప్రశ్నల్లో ఇప్పుడు సరైనదానికి మార్కు కలుస్తుంది, తప్పు టిక్కుకు తెగుతుంది, కానీ సున్నా కిందికి పోదు. అంటే ఒకటి వదిలేసినా మొత్తం పోయినట్టు కాదు. అలాగని అనుమానంగా ఉన్నవన్నీ టిక్ చేస్తే ఉన్నదీ పోతుంది. నీ పుస్తకం అంతకుముందుదైతే పక్కన పెట్టెయ్.

డబ్బు సంగతి. పరీక్ష ఫీజు 200 డాలర్లు, మన దేశంలో రాస్తున్నందుకు అదనంగా 150, అంటే ప్రతిసారీ దాదాపు 30 వేల రూపాయలు, కోచింగ్ వేరే. మీ అత్తమ్మ మాట గుచ్చుకుంటుంది, కాదనను, కానీ పాలు పోసి ఇల్లు నడిపిన మనిషి లెక్క అలాగే ఉంటుంది. మీ ఆయనా నువ్వూ కూర్చుని, ఇంకా ఎంత పెట్టగలమో ఒక అంకె అనుకోండి, అప్పు మాత్రం చేయకండి. అసలు ప్రశ్నలే ఇస్తామని డబ్బడిగే వాళ్ళ జోలికి పోవద్దు, అది బయటపడితే రిజల్టే రద్దు కావచ్చు. అమెరికాలో నువ్వు ఏ రాష్ట్రం నర్సింగ్ బోర్డు ద్వారా అప్లై చేశావో దాని నియమం కూడా చూసుకో. ఫ్లోరిడాలో మూడుసార్లు ఫెయిలైతే రెమీడియల్ కోర్సు చేశాకే మళ్ళీ రాయనిస్తారు, న్యూయార్క్‌లో ఇన్నిసార్లే అనే హద్దు లేదు. వయసు దాటిపోతోందని తొందరపడుతున్నావేమో, పాసైనా ఇండియాలో పుట్టినవాళ్ళకు గ్రీన్‌కార్డు క్యూ ఏళ్ళ తరబడి ఉంది, అందులో మళ్ళీ రాయడానికి పట్టే ఈ కొన్ని నెలలు పెద్ద లెక్కలోకి రావు. ఇదే పరీక్షను కెనడా, ఆస్ట్రేలియా కూడా తీసుకుంటాయి.

ఏడుపు వారాల తరబడి తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బతకాలనిపించని ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పేషెంటుకైతే నువ్వే చెప్పేదానివి కదా.

ప్రశ్న: మా అమ్మాయి కూడా ఇదే పరీక్ష తప్పింది, వచ్చే నెల మళ్ళీ రాస్తుంది. ఇంట్లో ఏం మాట్లాడినా కోపమొస్తోంది. మేమెలా ఉండాలి?
– ఒక తల్లి, పుత్తూరు

జవాబు: పరీక్ష ఊసు మీరుగా ఎత్తకండమ్మా. "ఈసారి తప్పకుండా వస్తుందిలే" అనేది కూడా వద్దు, మీకది ఆశీర్వాదమే గానీ ఆ పిల్లకు బరువు. తేదీ చుట్టాలకు చెప్పకండి, రిజల్ట్ అడిగేవాళ్ళు ఎంత తగ్గితే అంత మంచిది. మొక్కులుంటే మీరు మొక్కుకోండి, అమ్మాయిని పరీక్ష ముందు కొండ మెట్లెక్కించకండి. రోజూ ఒక రెండు గంటలు ఇంటిపని, పిల్లల పని ఆమె మీద పడకుండా చూడగలిగితే అంతకన్నా పెద్ద సాయం లేదు.

చెన్నైకి తెల్లవారుజామున బస్సెక్కి పోయి రాయడం కాకుండా ముందురోజే వెళ్ళి సెంటర్ దగ్గర్లో ఉండండి. పాస్‌పోర్టు ఈ రోజే బయటికి తీసి చూడండి, అక్కడ ఆధార్ పనికిరాదు. మనవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, సర్టిఫికెట్లలో ఒట్టి అక్షరమే ఉంటుంది. పరీక్షకు పంపిన అనుమతి పత్రంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, తేడా ఉంటే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు, ఫీజు కూడా పోతుంది. సరిచేయించుకోవడానికి రోజులు పడతాయి కాబట్టి ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చి చూడమని అమ్మాయికి ఇవాళే చెప్పండి.