గుర్రాలు కొనే ముందు విరిగిన కాలు లెక్క తేల్చండి

ప్రశ్న: నా వయసు 37. గుర్రపు స్వారీ, అంతకంటే ముఖ్యంగా గుర్రంతో మెలిగే పద్ధతి నేర్పిస్తాను. కొరడా దెబ్బలు, నోరు కోసే కళ్లెం లేకుండా, నేలమీద నిలబడి తాడుతోనే గుర్రాన్ని మాట వినేలా చేసే ఈ పద్ధతిని నేచురల్ హార్స్‌మన్‌షిప్ అంటారు. ఆస్ట్రేలియాలో ఒక పశువుల క్షేత్రంలో రెండేళ్లు పనిచేస్తూ నేర్చుకున్నాను. సొంత గుర్రం లేదు, సొంత స్థలం లేదు. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు ఫామ్‌హౌస్‌లకు బైక్ మీద వెళ్తాను. నెలకోసారి బెంగళూరు, అప్పుడప్పుడు పుణె. ప్రయాణ ఖర్చులు పోను నవంబరు నుంచి జనవరి వరకు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో 80 వేల చొప్పున వస్తాయి. జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో 20 వేలు రావడమే కష్టం. మిగతా నెలల్లో 45 వేలు. ఎక్కువగా నగదే ఇస్తారు. ఆదాయపు పన్ను రిటర్నులు వేయను. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 22 వేలు. పాప రెండో తరగతి. అద్దె, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేదీ కలిపి ఇంటి ఖర్చు 58 వేలు. బ్యాంకులో 60 వేలున్నాయి.

రెండు మార్వాడీ గుర్రాలు, వాటిని తీసుకెళ్లేలా మార్చిన పాత పికప్ వ్యాను కొంటే నెలకు ఇంకో 40 వేలు సంపాదించగలను. మొత్తం 14 లక్షలు కావాలి. బంగారం మీద 12 శాతానికి 6 లక్షలు, 16 శాతానికి నాలుగేళ్ల పర్సనల్ లోన్ 5 లక్షలు, ఒక స్నేహితుడి దగ్గర రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు దొరుకుతాయి. ఒక్కో గుర్రానికి నెలకు 15 వేలు ఖర్చవుతుంది. ఇప్పుడే కొనమంటారా, లేక ముందు నెలకు 10 వేలతో మ్యూచువల్ ఫండ్‌లో సిప్ మొదలుపెట్టమంటారా? పోయిన ఏడాది ఆగస్టులో గుర్రం తన్ని కాలు విరిగినప్పటి క్రెడిట్ కార్డు బాకీ 1.4 లక్షలు ఉంది, మినిమం కడుతూ వస్తున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో అసలు సంగతి ఆఖరి వాక్యంలో ఉంది. ముందంతా గుర్రాలు, వ్యాను, వడ్డీ రేట్లు రాసి, కాలు విరిగిన సంగతి పోయేముందు గుమ్మం దగ్గర చెప్పినట్టు చెప్పారు. నేను మాత్రం అక్కణ్నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. యోగా టీచర్లు, డాన్సు మాస్టర్లు, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు, జిమ్ ట్రైనర్లు రాస్తారు. అందరికీ ఒళ్లే పెట్టుబడి. అందరూ బాగా వచ్చిన నెలను తమ ఆదాయం అనుకుంటారు, రాని నెలను దురదృష్టం అనుకుంటారు. వానాకాలం ఏటా వస్తుంది కదండీ, దాన్ని దురదృష్టం అంటే ఎలా?

ముందు మీ అంకెలే మీకు చూపిస్తాను. మీ సంపాదన ఏడాదికి 6.4 లక్షలు, అంటే నెలకు సగటున 53 వేల చిల్లర. మీ ఆవిడ జీతంతో కలిపి 75,300. గుర్రాల వల్ల వస్తాయంటున్న 40 వేలూ నమ్మేద్దాం, 1,15,300 అయింది. ఇక ఖర్చు. పర్సనల్ లోన్ ఈఎంఐ దాదాపు 14,170. బంగారం మీద వడ్డీ ఒక్కటే 6 వేలు. మీ స్నేహితుడి వడ్డీ మరో 6 వేలు. (రెండు రూపాయలకు ఇచ్చేవాణ్ని స్నేహితుడు అనడం మీ మంచితనం.) గుర్రాల తిండీ తిప్పలకు 30 వేలు. ఇంటికి 58 వేలు. మొత్తం 1,14,170. మీ ఆశలన్నీ ఫలించినా నెలకు మిగిలేది పదకొండు వందలు! అందులో కార్డు వడ్డీ ఇంకా తీయలేదు. నెలకు మూడున్నర శాతం వేసినా 1.4 లక్షల మీద 4,900 అవుతుంది. అది తీస్తే లోటే. బంగారం మీద తెచ్చిన 6 లక్షలు, ఆ 3 లక్షలు మాత్రం అసలు అసలుగానే ఉంటాయి.

ఇది సగటు నెల. జూలై వచ్చిందనుకోండి. నేలంతా బురద, గుర్రం కాలు జారుతుంది, పిల్లల్ని తల్లిదండ్రులు పంపరు. మీ 20 వేలు, ఆవిడ 22 వేలు కలిపి 42 వేలు. ఖర్చు 1,14,170. నెలకు 72 వేల లోటు, మూడు నెలలకు రెండు లక్షల పైచిలుకు. అది ఎక్కణ్నుంచి తెస్తారు? మళ్లీ కార్డు గీకుతారు. కార్డు నిండితే ఫోన్‌లో లోన్ యాప్ తెరుస్తారు. ఎవరి కథ అయినా ఇలాగే నడుస్తుంది, నేను చూసిన వాళ్లెవరూ దీన్ని దాటిపోలేదు.

పెళ్లిళ్ల వీడియోలు తీసే ఒకాయన 2019లో డ్రోనూ కెమెరాలూ అప్పు మీద కొన్నారు. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలకు మారటోరియం ఇచ్చారు, గుర్తుంది కదా. ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. వాయిదా ఆగింది గానీ వడ్డీ ఆగలేదు, అసలులో కలిసిపోయి కూర్చుంది. అయినా ఆయన మీకంటే నయం. కెమెరాను మూలన పడేస్తే తిండి అడగదు. గుర్రం పనున్నా లేకున్నా పూటపూటా దాణా అడుగుతుంది, లాడాలు అడుగుతుంది. నాకంటే మీకే బాగా తెలుసు, గుర్రం వాంతి చేసుకోలేదు. కోలిక్ అనే కడుపునొప్పి పట్టుకుంటే రాత్రికి రాత్రే డాక్టరు రావాలి, ఆ బిల్లు కట్టడానికి జేబులో డబ్బుండాలి. గ్లాండర్స్ అనే అంటువ్యాధి సోకిందని తేలితే చట్టప్రకారం ఆ జంతువును చంపేయాల్సిందే, చుట్టుపక్కల గుర్రాల రాకపోకలూ ఆపేస్తారు. ఊరూరా గుర్రాలను తిప్పి బతకాలనుకునేవారికి ఆ రెండో మాట మొదటిదాని కంటే పెద్ద దెబ్బ.

ఈ రోజు మీకున్న బలమేమిటో చెప్పనా? సొంత గుర్రం లేకపోవడం. ఇప్పుడు మీరు నేర్పే గుర్రాలన్నీ ఎవరో పోషిస్తున్నవే. వాళ్ల గడ్డి తిని, వాళ్ల కొట్టంలో పడుకుని మీకు ఫీజు తెచ్చిపెడుతున్నాయి. ఒక సంచిలో తాళ్లూ హెల్మెట్టూ వేసుకుని రాత్రి బస్సెక్కితే బెంగళూరులో తెల్లవారి సంపాదన మొదలవుతుంది. ఇంత తక్కువ పెట్టుబడితో నడిచే వృత్తిని ఎందుకు 14 లక్షల బరువుకు కట్టేస్తారు?

నెల తిరిగేలోపు ఒక పని చేయండి. బంగారం మీద అప్పు వద్దని గంటసేపు చెప్పగలిగిన నేనే చెబుతున్నాను, 1.4 లక్షలకు మాత్రమే బంగారం కుదువపెట్టి కార్డు బాకీ మొత్తం ఒకేసారి తీర్చేయండి. నెలకు 4,900 పోయే చోట 1,400 పోతుంది. ఆ వెంటనే కార్డు లిమిట్ 30 వేలకు తగ్గించమని బ్యాంకుకు రాయండి. లిమిట్ అలాగే ఉంచుకుని "వాడను లెండి" అనకండి. పోయినేడాది కూడా వాడాలని కాదు కదా వాడింది.

ఇక నా పాత పాట. అత్యవసర నిధి. ఉద్యోగస్తులకు నేను ఆరు నెలలు చెబుతాను, మీకు ఎనిమిది. ఎనిమిది నెలల ఖర్చంటే 4,64,000. ఆవిడ జీతం ఉంది కదా, అది తీసేసి లెక్కేయొచ్చుగా అంటారు. వద్దు. మీరు కట్టుతో మంచం మీద ఉంటే చూసుకునేదెవరు? ఆవిడే. ప్రైవేటు బడిలో సెలవంటే జీతం కోతే. పోయినేడాది ఏం జరిగిందో ఒకసారి ఆవిణ్నే అడగండి. ఈసారి తుంటి ఎముకో తొడ ఎముకో అయితే నాలుగైదు నెలలు జీనెక్కనివ్వరు. జీనెక్కకుండానే నేర్పుతాను, నా పద్ధతంతా నేలమీదే అంటారేమో, నిజమే. కానీ బెదిరిన గుర్రం ముందు చేతికర్ర పట్టుకుని నిలబడలేరు.

వచ్చే నవంబరు, డిసెంబరు, జనవరి మూడు నెలల్లో ఇంటి ఖర్చు పోను 44 వేల చొప్పున 1.32 లక్షలు మిగలాలి. ఇప్పుడున్న 60 వేలతో కలిపి మూడు నెలల ఖర్చు, 1,74,000, జనవరికల్లా జమవుతుంది. అది మొదటి మెట్టు. ఏప్రిల్, మే నెలల వేసవి క్యాంపుల డబ్బులోంచి 48 వేలు వేరే ఖాతాలో పెట్టండి. ఆ మొత్తం ఎందుకంటే, కొత్త అప్పు ఒక్క రూపాయి చేయకపోయినా మీ వానాకాలానికి నెలకు 16 వేల లోటు ఇప్పటికే ఉంది. మీరు దాన్ని ఎప్పుడూ కూడి చూసినట్టు లేరు. ఆ తర్వాత మిగిలేదాంతో బంగారం విడిపించుకోవడం, నిధిని ఎనిమిది నెలలకు పెంచడం. మొత్తానికి మూడేళ్లు పట్టొచ్చు. మూడేళ్లా అని నిట్టూర్చకండి, ఆ పర్సనల్ లోనైతే నాలుగేళ్లు కట్టడానికి సిద్ధపడ్డారు. నిధిలో కొంత ఎఫ్‌డీలో, కొంత లిక్విడ్ ఫండ్‌లో, అంటే కావాలన్నప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్‌లో ఉంచండి. రోజూ ఫోన్‌తో చెల్లింపులు చేసే ఖాతాలో మాత్రం ఉంచొద్దు.

బీమా సంగతి మీరు రాయనే లేదు. లేదనే అనుకుంటున్నాను. కుటుంబానికి ఆరోగ్య పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్‌టీ కూడా లేదు. మీకేమైనా అయితే ఇంటికి డబ్బొచ్చేలా కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకోండి. ఈ రెండూ అందరికీ చెప్పేవే. మీకు ప్రత్యేకంగా కావాల్సింది ప్రమాద బీమా, అందులోనూ పని చేయలేని వారాలకు పరిహారం ఇచ్చే టెంపరరీ టోటల్ డిజేబిలిటీ కవర్. బ్యాంకులో 20 రూపాయలకు వచ్చే సురక్షా బీమా వెంటనే తీసుకోండి, కానీ దానితో పని అయిపోయిందనుకోవద్దు. ప్రాణం పోతేనో, శాశ్వతంగా అంగవైకల్యం వస్తేనో అది డబ్బిస్తుంది. విరిగి అతుక్కునే కాలికి రూపాయి రాదు. మీ ఇంటిని అప్పులపాలు చేసింది సరిగ్గా అలా అతుక్కున్న కాలే.

ఇక్కడ రెండు చోట్ల మీలాంటి వాళ్లు బోల్తా పడతారు. మొదటిది, ఫారంలో వృత్తి. ఏజెంటు "ప్రైవేటు ఉద్యోగం" అని రాసేస్తాడు, ప్రీమియం తక్కువ పడుతుంది, అందరూ సంతోషం. క్లెయిము రోజున ఆ రెండు మాటలే మీ మెడకు చుట్టుకుంటాయి. గుర్రాలకూ మనుషులకూ శిక్షణ ఇస్తాను, స్వారీ చేస్తాను అని స్పష్టంగా రాయించండి. చాలా పాలసీల్లో సాహస క్రీడలు, గుర్రప్పందేలు, పోలో వంటివి మినహాయింపుల్లో ఉంటాయి. మీ పని అందులోకి వస్తుందా రాదా అని కంపెనీని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో "ఏం ఫర్వాలేదు సార్" అంటే లెక్కలోకి రాదు. రిస్కు ఎక్కువని ప్రీమియం పెంచితే పెంచనివ్వండి, కట్టండి.

రెండోది ఆదాయ రుజువు. వారం వారం వచ్చే పరిహారం మీరు చూపించగల సంపాదనను బట్టే ఉంటుంది. రిటర్నులు వేయను అని ఏదో తెలివైన పని చేస్తున్నట్టు రాశారు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా రిబేటుతో పన్నే పడదు, మీది 6.4 లక్షలు. కానీ 4 లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే. కట్టక్కర్లేని పన్నుకు భయపడి, మీ సంపాదనకు ఉండాల్సిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని మీరే చెరిపేసుకుంటున్నారు. ఫీజులు ఇకనుంచి బ్యాంకు ఖాతాలోకే వేయమనండి. పది క్లాసుల డబ్బు ముందే తీసుకోండి, చివరి నిమిషంలో రద్దు చేస్తే సగం మీదే అని ముందే చెప్పండి. దూరం నుంచి వచ్చే గురువుకు ఇది ఎవరూ తప్పుపట్టరు.

మరొకటి. మీ దగ్గర నేర్చుకునే పిల్లవాడు పడి చెయ్యి విరిగితే? తల్లిదండ్రులతో సంతకం పెట్టించుకున్న కాగితం మీ నిర్లక్ష్యాన్ని మాఫీ చేయదు. మూడో వ్యక్తికి జరిగే నష్టానికి లయబిలిటీ పాలసీ గురించి అడగండి. ఫామ్‌హౌస్ వాళ్లకు అప్పటికే ఉంటే, అందులో బయటి నుంచి వచ్చే శిక్షకుడికీ వర్తిస్తుందా అని కాగితం చూపించమనండి.

సిప్ అడిగారు. బంగారం ఇంటికి వచ్చాక, నిధి నిండాక మొదలుపెట్టండి. పీపీఎఫ్ కూడా అప్పుడే.

గుర్రాలు ఎప్పటికీ వద్దని కాదు. నిధి నిండిన తర్వాత ఒకటి, అదీ చేతిలో డబ్బుతో కొనండి. వ్యాను అప్పుడూ అక్కర్లేదు, అవసరమైన రోజున బాడుగకు దొరుకుతుంది. ఆ లోపు ఏ ఫామ్‌హౌస్‌లోనో యజమాని ఎక్కని గుర్రం ఒకటి ఊరికే తిని లావెక్కుతూ ఉంటుంది, అలాంటివి మీకు నాలుగైదు తెలిసే ఉంటాయి. దానికి శిక్షణ ఇస్తాను, వారానికి మూడు రోజులు నా క్లాసులకు వాడుకుంటాను అని మాట్లాడుకోండి. మీరు చెప్పిన 40 వేలు నిజంగా వస్తాయో రావో ఒక సీజన్‌లో తెలిసిపోతుంది, పైసా అప్పు లేకుండా.

ఆ రెండు రూపాయల స్నేహితుడు మీకోసం డబ్బు పక్కన పెట్టి ఉంచాడేమో. అక్కర్లేదని ఈ వారమే ఫోన్ చేసి చెప్పేయండి.