జపనీస్ పలకాలంటే ముందు ఇంగ్లీషు అక్షరాలు వదిలెయ్

చిన్నా,

జపనీస్ భాషా పరీక్షలో ఎన్ ఫోర్ స్థాయి పాసయ్యావని అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం. ఆ పరీక్షలో మాట్లాడించరు కాబట్టి, జపాన్‌లోని నగోయాకి వెళ్ళేలోపు ఉచ్చారణ మీద కూర్చో.

ముందు రోమన్ అక్షరాల్లో రాసుకోవడం మానెయ్. అవి చూసి చదివితే నోట్లోంచి ఇంగ్లీషు యాసే వస్తుంది. హిరగానా, అంటే జపనీస్ అక్షరాల పక్కన తెలుగులో రాసుకో. 'త్సు'ని మనవాళ్ళు చాలామంది 'సు' అనేస్తారు. నిజానికి అది మన నోట్లో ఉన్నదే. అమ్మమ్మ 'చుట్టం', 'చుక్క' అంటుంటే విను. నాలుక కొస పైపళ్ళ వెనక ఆని వదులుతుంది. పాత నిఘంటువుల్లో 'ౘ' అని వేరే గుర్తుతో రాసింది దీన్నే. ఒత్తులూ మనకు కష్టం కాదు: 'కితే' అంటే రా, 'కిత్తే' అంటే పోస్టల్ స్టాంపు. 'ర'ని 'మరి'లో లాగా ఒక్కసారి తాకించి వదులు, అదిరించకు. 'బ్యో'ని 'బియో' అని విడగొట్టకు. 'బ్యోఇన్' ఆసుపత్రి, 'బియోఇన్' బ్యూటీ పార్లర్. ఒంట్లో బాగాలేని రోజున టాక్సీ అతనికి ఏది చెప్తున్నావో స్పష్టంగా ఉండాలి.

'ఫు' మాత్రం మనకు కొత్త. పైపళ్ళు కింది పెదవికి తగలకూడదు, పెదవులు పూర్తిగా మూసుకోకూడదు. వేడి టీని ఊదినట్టు రెండు పెదవుల మధ్య నుంచి గాలి వదలాలి. అద్దం ముందు 'ఫుజి' అని చూసుకో.

ఎక్కువ సమయం 'న్' మీద పెట్టు. 'శింబున్'లో 'మ' లాగా, 'గింకో'లో 'ఙ' లాగా, మన సున్నాలాగే తర్వాతి అక్షరాన్ని బట్టి మారుతుంది. చిక్కంతా అచ్చు ముందు వచ్చినప్పుడే. వెయ్యి యెన్‌లని 'సెన్ ఎన్' అనాలి. మనకేమో సంధి చేసే అలవాటు, 'సెనెన్' అనేస్తాం. అక్కడ నాలుక పైకి తగలకూడదు. గాలి ముక్కులోంచి పోవాలి, ఆ 'న్' ఒక అక్షరమంత సేపు నిలవాలి. సె, న్, ఎ, న్ అని నాలుగు చప్పట్లు కొడుతూ పలుకు. పొగ తాగరాదనే 'కిన్ ఎన్'ని కలిపేస్తే 'కినెన్' అవుతుంది, అంటే స్మారకం. అవతలివాళ్ళు మర్యాదకి నిన్ను సరిదిద్దరు, తప్పు అలాగే స్థిరపడిపోతుంది. నాకు బెంగ అదే.

జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే తేలిక జపనీస్‌లో ఇచ్చే వార్తల ఆడియో పెట్టుకుని, వెనకే అంటూ ఫోన్‌లో రికార్డు చేసుకో. ఆదివారంలోగా 'కిన్ ఎన్', 'కినెన్' రెండూ పలికి నాకు వాట్సాప్‌లో పంపు, విని చెప్తాను.

ప్రేమతో,
పిన్ని