కీమో తరువాత జ్వరం: తెల్లవారేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: మా అమ్మగారికి 56 ఏళ్ళు. రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ జరుగుతోంది. రెండో విడత మందు ఎక్కించిన పదో రోజు రాత్రి 100.8 డిగ్రీల జ్వరం వచ్చింది, గంట తరువాత చూసినా అంతే ఉంది. పారాసిటమాల్ వేస్తే తగ్గింది. తెల్లవారాక రక్తపరీక్షలో తెల్ల రక్తకణాలు 1,800, అందులో న్యూట్రోఫిల్స్ 20 శాతం అని వచ్చింది. వెంటనే ఆసుపత్రిలో చేర్చుకుని యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు కులాసాగానే ఉన్నారు. ఆ రాత్రి మేము ఆగడం తప్పా? పెరుగు, పండ్లు మానిపించమని బంధువులు అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ఆ రాత్రే బయలుదేరి ఉండవలసింది. అయితే ఇందులో మీ పొరపాటు కన్నా, మొదటి కీమో రోజునే ఈ సంగతి మీకు గట్టిగా చెప్పని మా వైద్యుల లోపమే ఎక్కువని నేను అనుకుంటాను.

1,800లో 20 శాతం అంటే 360. మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) 500 లోపుకు పడిపోతే దానిని తీవ్రమైన లోటుగా లెక్కిస్తారు. కీమో మందులు ఎముక మజ్జలో కొత్త కణాల తయారీని దెబ్బతీస్తాయి కనుక, చాలా మందుల విషయంలో ఏడో రోజు నుంచి పధ్నాలుగో రోజు వరకు ఈ సంఖ్య అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. చీము పట్టడానికీ, వాపు ఎర్రబడడానికీ కూడా ఈ కణాలే కావాలి. అవి లేనప్పుడు లోపల ఇన్ఫెక్షన్ ఎంత ముదురుతున్నా పైకి జ్వరం తప్ప మరో గుర్తు కనిపించకపోవచ్చు. ఆ ఒక్క గుర్తునూ పారాసిటమాల్ చెరిపేస్తుంది, ఇన్ఫెక్షన్ మాత్రం అలాగే ఉంటుంది.

అందువల్ల ఒక్కసారి 101 డిగ్రీలు చూపించినా, 100.4 లేదా అంతకు మించి గంటసేపు నిలిచినా, అది ఏ వేళైనా సరే, మాత్ర వేయకుండా ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరండి. వాంతులకని ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు కూడా జ్వరాన్ని అణచివేస్తాయి కనుక, ఒళ్ళు వేడిగా లేకపోయినా వణుకు, ఆయాసం, కళ్ళు తిరగడం, అలవాటు లేని మగత ఉంటే ఆగకూడదు. మీ క్యాన్సర్ ఆసుపత్రి దూరమైతే దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి కీమో ఫైలుతో వెళ్ళి, క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే “కీమో అయి పది రోజులైంది, జ్వరం వచ్చింది” అని చెప్పండి. ఆ మాట వినకపోతే మామూలు జ్వరాల వరుసలో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. రక్తంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే కల్చర్ పరీక్షకు రక్తం తీసి, ఫలితం కోసం చూడకుండా, గంటలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టాలన్నది నియమం. ప్రమాదం తక్కువగా ఉన్న కొందరికి మాత్రలతోనే సరిపోవచ్చు కానీ, అది పరీక్షించిన వైద్యుడు తేల్చవలసిన విషయం. న్యూట్రోఫిల్స్ తక్కువగా ఉన్న రోజుల్లో మలద్వారంలో థర్మామీటరు పెట్టడం, ఎనిమా ఇవ్వడం పనికిరాదు.

ఆహారం గురించి బంధువుల భయం కొంత అతిగా ఉంది. ఈ ఇన్ఫెక్షన్లు తెచ్చే సూక్ష్మజీవులలో చాలావరకు బయటినుంచి రావు. కీమో వల్ల పుండుపడిన నోటి, పేగుల పొరల గుండా రోగి సొంత శరీరంలోనివే రక్తంలోకి చొరబడతాయి. పచ్చివన్నీ మానేస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని అధ్యయనాలలో రుజువు కాలేదు. బాగా కడిగి తొక్క తీసిన పండ్లు, కాచిన పాలతో తోడుపెట్టిన తాజా పెరుగు మీ అమ్మగారి వంటి వారికి నేను వద్దనను. బండి మీద కోసి పెట్టిన పండ్ల ముక్కలు, సగం ఉడికిన గుడ్డు, మాంసం మాత్రం వద్దు. ఎముక మజ్జ మార్పిడి జరిగినవారికి నియమాలు ఇంకా కఠినంగా ఉంటాయి. చూడవచ్చినవారు చేతులు కడుక్కోవడం, జలుబు ఉన్నవారు రాకపోవడం తిండి పట్టింపులకన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

తరువాతి విడతకు మందు మోతాదు తగ్గించడమో, కీమో అయిన 24 గంటల తరువాత న్యూట్రోఫిల్స్‌ను పెంచే ఇంజెక్షన్ ఇవ్వడమో అవసరమా అని మీ డాక్టరుగారిని అడగండి. ఆ ఇంజెక్షన్ వేస్తే నడుము, ఎముకలు నొప్పి పుట్టడం మామూలే; దానికీ పారాసిటమాల్ వాడమంటారు. అప్పుడు మాత్ర వేసే ప్రతిసారీ ముందు థర్మామీటరు పెట్టి చూడండి.