బంకులో తనిఖీ చూసి ఆ ఉద్యోగమే కావాలంటోంది

ప్రశ్న: విశాఖలో మాకు పెట్రోల్ బంకు ఉందండి. మా అమ్మాయి కెమికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది. వేసవిలో కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు వచ్చి, పెట్రోల్ ఆవిరిని వెనక్కి లాగే పరికరం పరీక్షించారు. ఒక నాజిల్ సరిగా లాగడం లేదని రాసుకుని వెళ్లారు. అది చూసినప్పటి నుంచి తనకు ఆ ఉద్యోగమే కావాలంటోంది. సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి ఫీజు కూడా కట్టేశాం. నాకు టెన్షన్‌గా ఉంది. ఇది పట్టుకుని బతికే ఉద్యోగమేనా? – ఒక తండ్రి

జవాబు: బతికే ఉద్యోగమేనండి. కాకపోతే మీ అమ్మాయి చూసింది అందులో ఒక్క పూట మాత్రమే.

మీ దగ్గరికి వచ్చిన ఇంజినీర్ ముందు రోజు పరవాడలో ఏ మందుల కంపెనీ గేటు దగ్గరో, వాసన వస్తోందన్న ఫిర్యాదు మీద నిలబడి ఉంటారు. మర్నాడు పోర్టు వైపు బొగ్గు దుమ్ము. ఆ తర్వాత ఆసుపత్రి వ్యర్థాలు. పొగైనా, మురుగైనా, దుమ్మైనా ఫైలు వాళ్ల బల్ల మీదకే చేరుతుంది. బంకుల ఆవిరి అందులో ఒక పేజీ.

అచ్చంగా బంకుల ఆవిరితోనే రోజులు గడిచే ఇన్‌స్పెక్టర్లను చూడాలంటే కాలిఫోర్నియా వెళ్లాలి. అక్కడ ఏ పరికరం వాడొచ్చో రాష్ట్ర వాయు వనరుల బోర్డు తేలుస్తుంది. బంకులకు వెళ్లి చూసేది మాత్రం 35 స్థానిక వాయు జిల్లాల వాళ్లు, అంటే తమ ప్రాంతంలో గాలి కాలుష్యం చూసుకునే సంస్థల వాళ్లు. చెప్పకుండా వస్తారు. నాజిల్ మీద రబ్బరు తొడుగు చిరిగిందా, గొట్టం నలిగిందా చూస్తారు. లోపం పెద్దదైతే ఆ నాజిల్‌కి ట్యాగ్ కట్టేస్తారు. బాగుచేసేదాకా దాంతో పెట్రోల్ కొట్టకూడదు.

ఈ ముక్క చెబితే మీ అమ్మాయి వెంటనే ఎంఎస్ అంటుంది. కాస్త ఆగమనండి. అమెరికాలో 1998 మోడళ్ల నుంచి ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా దశలవారీగా కార్లలోకే వచ్చేసింది. అలాంటి కార్లు రోడ్లను నింపేశాక, నాజిల్ దగ్గరి పరికరాలు ఇక తీసేయొచ్చని 2012లో అక్కడి కేంద్ర పర్యావరణ సంస్థ రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చింది. చాలాచోట్ల తీసేశారు. ఒక్క పరికరాన్నే నమ్ముకుని చదువు ఎంచుకుంటే ఇలాంటి రోజు ఎప్పుడైనా రావచ్చు.

మన దేశంలో కథ ఇంకా మొదట్లోనే ఉంది. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం లక్షకు పైగా జనాభా ఉన్న నగరాల్లో, నెలకు 300 కిలోలీటర్ల పెట్రోల్ అమ్మగల కొత్త బంకు ఆవిరి రికవరీ పరికరంతోనే మొదలవ్వాలి. పెట్టకపోతే ఆ పరికరం ఖరీదంత పర్యావరణ పరిహారం, ఆలస్యమయ్యే కొద్దీ ఇంకా ఎక్కువ. ఇదేదో కాగితం మీది బెదిరింపు అనుకోకండి. ఢిల్లీ చుట్టుపక్కల బంకుల్లో గడువులోగా పెట్టలేదని 2023లో ఇండియన్ ఆయిల్‌కి కోటి, భారత్ పెట్రోలియంకి రెండు కోట్లు కట్టమన్నారు.

పెట్టడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. మీ అమ్మాయి చూసిన పరీక్ష ఆ రెండో దాని గురించే. నాజిల్ మూతికి అడాప్టర్ బిగించి, గ్యాస్ మీటర్ కలిపి, కొలత డబ్బాలోకి పెట్రోల్ కొడతారు. పది లీటర్ల పెట్రోల్ పోస్తే దాదాపు పది లీటర్ల ఆవిరి వెనక్కి రావాలి. యూరప్ నిబంధనల్లో ఈ నిష్పత్తి 0.95 నుంచి 1.05 మధ్య ఉండాలి. తగ్గితే, రోజంతా నాజిల్ పట్టుకునే మీ కుర్రాడు బెంజీన్ పీలుస్తున్నట్టు. అది క్యాన్సర్ తెచ్చే పదార్థం. మరీ పెరిగినా మంచిది కాదు. బయటి గాలి నేలలోని ట్యాంకులోకి పోయి ఒత్తిడి పెంచుతుంది, వెంట్ పైపు నుంచి ఆవిరి బయటికి వస్తుంది.

పోస్టు సంగతి తర్వాత, ముందు నీకు కొలవడం వచ్చా అని నేను పిల్లల్ని అడుగుతాను. చట్టం సెక్షన్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్లకు కొదవ లేదు. మీటర్ సరిగా చూపిస్తోందా లేదా అని అనుమానించేవాళ్లే దొరకరు. నివేదికలో అంకె తప్పితే కంపెనీ లాయరు దాన్నే పట్టుకుంటాడు, కేసు అక్కడితో సరి.

ఇక దారులు. రాష్ట్ర మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పోస్టులు ఏపీపీఎస్సీ ద్వారా వస్తాయి, మీ అమ్మాయి బ్రాంచి సరిపోతుంది. కేంద్ర మండలిలో సైంటిస్ట్ 'బి' అనే పోస్టు ఉంది. పెట్రోల్ నిల్వ లైసెన్సులు చూసే పెసో, అదేనండి మీకు బాగా తెలిసిన ఎక్స్‌ప్లోజివ్స్ వాళ్లు, అక్కడి అధికారులను యూపీఎస్సీ తీసుకుంటుంది. అన్నిచోట్లా పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. దాని కోసం నాలుగేళ్లు గదిలో కూర్చోబెట్టవద్దు. బీటెక్ అయ్యాక గుర్తింపు ఉన్న ఏదైనా పర్యావరణ ల్యాబులో చేరి నమూనాలు సేకరించే పని చేయనివ్వండి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ పిల్లల ముందు చిన్నబోతుంది, దాచడం దేనికి. అయితే 2025 ఆగస్టులో కేంద్రం పర్యావరణ ఆడిట్ నియమాలు తెచ్చింది. ప్రభుత్వ సిబ్బంది చాలడం లేదు కాబట్టి రిజిస్టరైన ప్రైవేటు ఆడిటర్లు కూడా తనిఖీకి వెళ్తారు. ఫీల్డ్ అనుభవం ఉన్నవాళ్లకు అక్కడ విలువ ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ కోచింగ్ మాన్పించకండి. పెద్ద ఫ్యాక్టరీల చిమ్నీల అంకెలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో మండలికి వెళ్తున్నాయి. ఆ డేటాలో తేడా పసిగట్టడానికి ప్రోగ్రామింగ్ అక్కరకొస్తుంది.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. రేపు తను మండలిలో చేరితే మీ బంకు ఫైలు ముట్టకూడదు. ఆ సంగతి పైఅధికారికి ముందే రాసివ్వాలి. పక్క బంకు డీలరు మీ స్నేహితుడే అయి ఉంటాడు, 'అమ్మాయితో ఒక మాట చెప్పండి' అని ఇంటికి వస్తాడు. అప్పుడు మీరేమంటారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. మీ అమ్మాయికి ఆ ఉద్యోగంలో అసలు కష్టం ఎండలోనూ ఉండదు, ట్రాన్స్‌ఫర్లలోనూ ఉండదు, అక్కడే ఉంటుంది.

ఆ పనిచేయని నాజిల్ బాగుచేయడానికి కంపెనీ టెక్నీషియన్ వస్తాడు కదా. సేల్స్ ఆఫీసర్‌ని అడిగి తేదీ తెలుసుకుని, ఆ రోజు అమ్మాయిని పక్కన నిలబెట్టండి. బాగుచేయక ముందు నిష్పత్తి ఎంత, తర్వాత ఎంత, నోట్‌బుక్కులో రాసుకోమనండి. ట్యాంకర్ దించేటప్పుడు రెండో గొట్టం, అంటే ఆవిరి తిరిగి ట్యాంకర్లోకి వెళ్లేది, మీవాళ్లు తగిలిస్తున్నారో లేదో కూడా చూడమనండి. తగిలించకపోతే ముందు మీకే చెబుతుంది.