పెట్టె మీది వేగాన్ని చూసి తూటాను ఎంచుకోవచ్చునా?

గురి – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది హిందూపురం. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాను. ఎనిమిది నెలలుగా ఒక రైఫిల్ క్లబ్బులో, క్లబ్బు వారి .22 రైఫిల్‌తోనే 50 మీటర్ల సాధన చేస్తున్నాను. ఇప్పుడు సొంత రైఫిల్ కొనుక్కోవాలని ఉంది. అమెరికా వారి వీడియోలు చూశాక .22 లాంగ్ రైఫిల్, .22 మ్యాగ్నం, .17 హెచ్.ఎం.ఆర్. అనే మూడు తూటాలలో ఏది మేలో తేల్చుకోలేకపోతున్నాను. వేగం ఎంత ఎక్కువైతే గురి అంత బాగా కుదురుతుందని మిత్రుడొకరు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి

జవాబు: మీ మిత్రుని మాట మీరు చేస్తున్న సాధన విషయంలో పూర్తిగా తలకిందులు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పొరపాటుతో డబ్బు పోగొట్టుకున్న వారిని చాలామందిని చూశాను.

మీరు చెప్పిన మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. మూడింటికీ నిప్పు పుట్టించే మందు తూటా అడుగున ఉండే అంచులోనే ఉంటుంది. .22 లాంగ్ రైఫిల్ 1887 నాటిది. దాని సీసపు బుల్లెట్ సుమారు 2.6 గ్రాములు, పోటీలకు వాడే రకం సెకనుకు దాదాపు 325 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. 1959లో వచ్చిన .22 మ్యాగ్నం అంతే బరువున్న బుల్లెట్‌ను సుమారు 580 మీటర్ల వేగంతో పంపుతుంది. ఆ మ్యాగ్నం గుల్ల (మందు నింపే లోహపు గొట్టం) మెడనే సన్నగా నొక్కి 2002లో హార్నడీ సంస్థ .17 హెచ్.ఎం.ఆర్.ను (హార్నడీ మ్యాగ్నం రిమ్‌ఫైర్) తెచ్చింది, దాని బుల్లెట్ 1.1 గ్రాములే గాని, వేగం మాత్రం సుమారు 775 మీటర్లు. ఒకసారి ఈ మూడింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూశాను. లాంగ్ రైఫిల్ తూటా బూడిదరంగు ముక్కుతో, వేలికి జిడ్డుగా అంటే మైనపు పూతతో ఉంది; .17 తూటా దబ్బనం మొనలా సన్నగా, కొసన చిన్న ఎర్ర ప్లాస్టిక్ ముక్కుతో ఉంది. చూడగానే రెండోదే ముచ్చటగా తోస్తుంది. మోసమంతా అక్కడే ఉంది.

పోటీల తూటాను ధ్వని వేగానికి లోపలే ఉంచడం వెనుక గట్టి కారణం ఉంది. పక్కగాలి బుల్లెట్‌ను ఎంత తోస్తుందనేది, అది ఎంత వేగంగా బయలుదేరిందన్న దానికంటే, దారిలో ఎంత వేగాన్ని పోగొట్టుకుందన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. సెకనుకు 380 మీటర్ల వేగంతో బయలుదేరే ‘హై వెలాసిటీ’ .22 తూటా, ధ్వని వేగం దగ్గర గాలి ఎదురుదెబ్బను ఎక్కువగా తిని, ఆ కొద్ది దూరంలోనే చాలా వేగం కోల్పోతుంది. అందువల్ల అది నెమ్మదిగా వెళ్ళే తూటా కంటే గాలికి ఎక్కువగా పక్కకు జరుగుతుంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా, గాలి జెండాలు రెపరెపలాడే రోజున రెండు రకాలూ కాల్చి చూస్తే మీకే తెలుస్తుంది.

అంతకంటే ముఖ్యమైనది నియమం. అంతర్జాతీయ 50 మీటర్ల రైఫిల్ పోటీలలో .22 లాంగ్ రైఫిల్ తప్ప మరొకటి పనికిరాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలిపై, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) కాంస్యం గెలిచింది ఈ తూటాతోనే. మన 1959 ఆయుధాల చట్టం కూడా, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యులు లక్ష్య సాధనకు వాడే ఆయుధాల గురించి చెప్పే చోట .22 రైఫిల్‌నూ ఎయిర్ రైఫిల్‌నూ పేరుపెట్టి చెప్పింది. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు ఒక్కటే: .22 లాంగ్ రైఫిల్ కొనండి.

అసలు ఎంపిక ఆ తరువాత మొదలవుతుంది, మీరు అడగకపోయినా దీన్ని చెప్పకుండా ఉండలేను. 50 మీటర్ల లక్ష్యంలో పది అంకె వలయం అడ్డం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే, బుల్లెట్ అడ్డమే 5.6 మిల్లీమీటర్లు. కిందటి చలికాలంలో మా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి రైఫిల్‌ను స్టాండుకు బిగించి, ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు పెట్టెలలో వచ్చిన రెండు లాట్ల (ఒక్కో విడతలో కలిసి తయారైన తూటాలను ఒక లాట్ అంటారు) తూటాలను పదేసి చొప్పున కాల్చాము. పెట్టె మీద ముద్రించిన లాట్ నంబరు తప్ప మరే తేడా లేదు. ఒక లాట్ చేసిన చిల్లులన్నీ రూపాయి బిళ్ళ కింద దాగిపోయాయి, రెండోదాని చిల్లులను పది రూపాయల బిళ్ళ కూడా కప్పలేకపోయింది. అదే పిల్ల, అదే రైఫిల్, అదే ఉదయం. ఒక రైఫిల్‌కు నచ్చిన లాట్ పక్కవారి రైఫిల్‌కు నచ్చకపోవచ్చు. అందువల్ల మూడు నాలుగు లాట్లను కొద్దికొద్దిగా తెప్పించుకుని, మీ బ్యారెల్‌తోనే పరీక్షించి, మంచిదని తేలిన దానినే ఎక్కువగా తీసుకోండి. ఖరీదైన రైఫిల్ మీద పెట్టాలనుకున్న డబ్బులో కొంత ఈ పని మీద పెడితే మీ స్కోరు త్వరగా పెరుగుతుంది.

ఇక .17 హెచ్.ఎం.ఆర్. చెడ్డదని కాదు. వంద గజాలకు సరిచేసిన రైఫిల్‌తో ఆ దూరం లోపల ఎక్కడైనా గురి మార్చనక్కరలేనంత తిన్నగా అది వెళుతుంది. చిన్న బుల్లెట్ గాలికి కొట్టుకుపోతుందన్న మాట కూడా ఆ దూరంలో నిజం కాదు, మ్యాగ్నం బుల్లెట్టే దానికంటే ఎక్కువగా జరుగుతుంది. తగలగానే పిండిపిండి అయిపోతుంది గనుక, సీసపు బుల్లెట్‌లా నేలకు తగిలి ఎగిరిపోయే ప్రమాదమూ తక్కువే. కాని ఆ గుణాలన్నీ పంటకు చేటు చేసే చిన్న జంతువుల వేటకు అనుమతి ఉన్న దేశాలలో అక్కరకు వస్తాయి. ఒక హెచ్చరిక: ఎవరైనా మ్యాగ్నం రైఫిల్‌లో లాంగ్ రైఫిల్ తూటా వేసి కాల్చి చూడమంటే వినకండి. గుల్ల అందులో వదులుగా కూర్చుని పగిలిపోతుంది, వేడి గ్యాసు ముఖం వైపు రావచ్చు.

ప్రశ్న: మా తమ్ముడు అమెరికాలో వ్యోమింగ్‌లో ఉంటున్నాడు. అక్కడి పశువుల బీళ్ళలో బొరియలు తవ్వే ప్రెయిరీ డాగ్‌లనే ఉడుత జాతి జంతువులను కాల్చడానికి యజమానులే పిలుస్తారట. ఒక పెద్దాయన తనకు పాత .222 రెమింగ్టన్ రైఫిల్ ఇస్తానంటున్నారు, స్నేహితులు మాత్రం .223 లేదా .22-250 కొనుక్కోమంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, జయనగర్

జవాబు: ఆ పెద్దాయన ఇస్తానన్న రైఫిల్‌ను కాదనవద్దని మీ తమ్ముడికి చెప్పండి, అమ్మా. 1950లో వచ్చిన .222 సుమారు పాతికేళ్ళ పాటు బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే) పోటీలలో రాజ్యమేలింది. 1970ల మధ్యలో పీపీసీ అనే పొట్టి, లావు తూటాలు వచ్చిన తరువాతే అది వెనక్కు తగ్గింది. ఆ గురి ఇప్పటికీ ఎక్కడికీ పోలేదు. 1964 నాటి .223 వేగంలో దానికంటే కొద్దిగా మాత్రమే ముందుంటుంది. అయినా కొత్తగా కొనేవారికి నేను .223నే చెబుతాను. సైనికుల 5.56 తూటాకు తోబుట్టువు కావడం వల్ల అది ప్రతి దుకాణంలోనూ చవకగా దొరుకుతుంది. పైగా పాత .222 బ్యారెల్‌లలో బుల్లెట్‌ను గిరగిరా తిప్పే మరలు సాధారణంగా 14 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి గనుక మూడు, మూడున్నర గ్రాముల బుల్లెట్‌లనే నిలకడగా పంపగలవు; .223లో ఎక్కువ మెలిక ఉన్న బ్యారెల్‌లు దొరుకుతాయి కాబట్టి బరువైన బుల్లెట్‌లూ వాడుకోవచ్చు.

.22-250 నిస్సందేహంగా వేగవంతమైనదే, 3.6 గ్రాముల బుల్లెట్‌ను సెకనుకు 1,100 మీటర్లు దాటించి పంపుతుంది. కాని ప్రెయిరీ డాగ్‌ల బీడులో ఒక పూటలో వందల తూటాలు కాలుతాయి. అంత మందు మండితే బ్యారెల్ త్వరగా వేడెక్కి, లోపలి గొంతు (బుల్లెట్ మరలలోకి ప్రవేశించే చోటు) త్వరగా అరిగిపోతుంది. ఒకటి రెండు దూరపు గురుల కోసమైతే అది సరే, రోజంతా కూర్చునే పనికి కాదు. .222, .223 చూపుకు కవలల్లా ఉంటాయి, ఒకదాని తూటాను మరొకదానిలో ఎన్నడూ కాల్చరాదని తప్పక చెప్పండి.

ప్రశ్న: కె.ఆర్.పురంలో ఉంటున్నాను, ముళబాగిలు దగ్గర మాకు వేరుశనగ పొలం ఉంది. అడవి పందులు రాత్రికి రాత్రే మళ్ళను తవ్వేస్తున్నాయి. లక్ష్య సాధన కోసం నాకు .22 లైసెన్సు ఉంది. దానితో వాటిని కాల్చవచ్చునా?
– ఒక రైతు

జవాబు: కాల్చకూడదు. వేరుశనగ మట్టిలోంచి బయటపడి ఎండిపోతుంటే కడుపు ఎంత రగులుతుందో నాకు తెలుసు, మా నాన్నగారూ పొలం చేసినవారే. అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తరువాత అడవి పంది రెండవ షెడ్యూల్‌లో ఉంది. నిలిచిన పంటకు హాని చేస్తున్న జంతువును చంపడానికి, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలని ఆ చట్టంలోని 11వ సెక్షన్ చెబుతోంది. మీ సాధన లైసెన్సు ఆ అనుమతి కాదు. ముందుగా పాడైన మళ్ళ ఫొటోలు, పహణీ ప్రతి జతచేసి మీ రేంజి అటవీ అధికారికి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పంట నష్టపరిహారానికి కూడా అక్కడే అడగండి. రేపు అనుమతి వచ్చినా సరే, .22 లాంగ్ రైఫిల్‌ను పంది మీదకు ఎత్తవద్దు. ఆ సీసపు ముక్క దానిని చంపదు, గాయపరుస్తుంది. గాయపడిన పంది తెల్లవారి మీ పొలానికి వచ్చే కూలీల మీద పడుతుంది. గురి తప్పిన బుల్లెట్ కిలోమీటరు పైగా వెళ్ళి పక్క ఊరి బాట మీద వాలగలదు.